పడమటి మూల

అమ్మకు,

నమస్కారం. అందరం కులాసా అని మొదలుపెట్టేదాన్నే, కానీ మేస్త్రి కుడిచేతికి తొమ్మిది కుట్లు పడ్డాయి. మిగతావాళ్లం బాగానే ఉన్నాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "నీ బతుకులాగే ఇల్లూ వంకరటింకరగా గీశావు, నా మీద కోపం గోడల మీద చూపించకు" అని రాశావు. పెళ్లి వద్దన్నందుకూ, రెండు ఉద్యోగాలు మానేసినందుకూ, నువ్వు రిటైరయ్యాక ఉండబోయే ఇల్లు గుండ్రంగా ఉన్నందుకూ నీకు కనిపించే కారణం ఒక్కటే, నా మొండితనం. నేను ఏదైనా ఆలోచించి చేస్తానని మాత్రం నీకు ఒక్కసారీ తట్టదు.

ఈ కొండ నెత్తిన గాలి తీరు తెలుసుకోవడానికి పద్నాలుగు వారాలు కర్రలకు నీ పాత చీర పీలికలు కట్టి, రోజుకు నాలుగుసార్లు చూసి రాసుకున్నాను. పడమటి వైపు పీలికలు వారం తిరక్కుండా దారాలైపోయాయి. అందుకే అటువైపు గోడా కప్పూ వేరువేరుగా లేకుండా, వాగులో అరిగిన రాయిలా ఒకే వంపుగా గీశాను. గాలికి పట్టు దొరక్కూడదు, జారిపోవాలి. అందులో ఉన్న కోపం అంతే.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. దగ్గు తగ్గింది. అవును, కింద ఊళ్లో దీన్ని బోర్లించిన మూకుడంటున్నారు. మేస్త్రి అయితే "అమ్మాయిగారూ, దీనికి కాడ ఒక్కటే తక్కువ" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ, చువ్వలు ఒక్కొక్కటీ వంచి, నా గీతకు వెంట్రుకవాసి తేడా రాకుండా నిలబెట్టింది ఆయనే.

బీరువా ఎక్కడ పెట్టాలని ఇప్పుడు నన్నడుగుతున్నావు. రెండు నెలల కిందటే, ఇక్కడ పనులు చూస్తున్న బాబాయికి రాశావుగా, "పెద్ద గదిలో బీరువా ఆనేలా ఒక మూల తిన్నగా కట్టించు, దానికి చెప్పకు" అని. నేను కిటికీ అద్దాల కోసం పట్నం వెళ్లిన మూడు రోజుల్లో బాబాయి పడమటి వైపు కాంక్రీటు పొయ్యడానికి బిగించిన వంపు చెక్కలన్నీ ఊడదీయించి, తిన్నటి పలకలు బిగించాడు. నిలదీస్తే నీ ఉత్తరం చేతిలో పెట్టాడు. "గాలికి కళ్లున్నాయా అమ్మడూ, మూల చూసి కోప్పడటానికి? వదినకు బీరువా పట్టాలి కదా!"

ఇక నీకు ఇన్నాళ్లూ చెప్పనిది. నేను తిరిగొచ్చేసరికి ఆ మూలలో కాంక్రీటు ఇంకా పొయ్యలేదు. మిక్సర్ తిరుగుతోంది. మేస్త్రి నా మొహంలోకి చూసి, "ఆపమంటారా?" అన్నాడు. నేను "పొయ్యండి" అన్నాను. గాలే వచ్చి మీ ఇద్దరికీ బుద్ధి చెప్పాలనీ, నా మాటే నిజమని తేలాలనీ అన్నాను. మొండితనం అంటే అదీ. నువ్వు వెతికిన చోట కాదు, అక్కడ.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఆ గాలి వచ్చింది. మూల దగ్గర సుడి తిరిగింది. ఆ పక్కన బిగించిన కిటికీని లోపలికి నెట్టలేదు, బయటికి పీకేసింది. మేస్త్రి బయట సరిగ్గా దాని కింద సిమెంటు పూస్తున్నాడు, అద్దం పగిలి ఆయన చేతి మీదే పడింది. బొటనవేలు మళ్లీ వంగుతుందో లేదో డాక్టరు చెప్పలేదు. నా మాట నెగ్గింది. ఆసుపత్రి బల్ల మీద ఆయన భార్య పక్కన కూర్చున్నాను. "గుండ్రంగా కడుతున్నామని మా ఆయన చెప్పేవాడే, ఆ మూల ఎందుకు పెట్టారమ్మా?" అని అడిగింది. నీ పేరు చెప్పలేదు. నా పేరూ చెప్పలేదు.

మందపాటి అద్దం వేస్తే సరిపోతుందని బాబాయి అంటున్నాడు. సైటుకు రావద్దని చెప్పాను.

రేపు మేస్త్రి ఇంటికి వెళ్లి, ప్రమాదమని తెలిసే పొయ్యమన్నానని వాళ్లిద్దరి ముందూ చెబుతాను. సోమవారం ఆ మూల పగలగొట్టిస్తున్నాను.

ఇట్లు, కొండ మీది నుంచి,
నీ పెద్దమ్మాయి