సేటు పడవకు నీ కళ్లు కావాలి

ప్రమీలా, సేటు మోటారు పడవకు రెండు స్పీడు మీటర్లు తెచ్చాను. ఒకటే బిగించాలి. ఉపగ్రహం సిగ్నలు అందితేనే ఇవి పనిచేస్తాయి, ఈ లింబాయత్ గల్లీలో మన గదికి ఆకాశమే లేదు. బ్యాటరీతో సహా డాబా మీదికి తీసుకెళ్లు. ఎండలో దేని అంకెలు బాగా కనిపిస్తే దాన్ని స్టూలు మీద పెట్టు. మిల్లులో తెగిన పోగును పట్టే కళ్లు నీవి. నాకు స్పీడులో పీడ తప్ప ఏమీ కనిపించదు.

నువ్వు లేచేసరికి నేను నిద్ర, నేను వచ్చేసరికి నువ్వు నిద్ర. మాట్లాడుకుని పదకొండు రోజులైంది. "ఏందే, నీ మొగడు ఊర్ల లేడా?" అని పక్కింటి చిన్నవ్వ నిన్ను అడిగిందట.

ఆదివారం తాపీ నదిలో పడవ నడిపి చూడాలి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోమన్నాడు సేటు. నువ్వే రావాలి.

రఘుపతి

ఇంకొకటి. తిరిగి వచ్చేటప్పుడు వేగం పడిపోతే మీటరు చెడిందనుకోకు. ఒడ్డు తొందరగా రావద్దని నేనే తగ్గిస్తాను.