రెండద్దాల నడుమ

బోధన్

నా బుడ్డోడా,

మీ అవ్వ దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అక్క గంగుబాయి, పిల్లలు బాగానే ఉన్నాం. నువ్వెట్లున్నావో ఎవరిని అడగాలో తెలియక నిన్నే అడుగుతున్నాను. పూణెలో అద్దం పైఅంతస్తుకు ఎక్కిస్తూ జారి పడ్డావు. నీ ఆఖరి ఉత్తరానికి జవాబు రాయకముందే నిన్ను మంజీర ఒడ్డున కాల్చి వచ్చాం. అందులో రెండు మాటలు అడిగావు కదా, చెబుతాను.

అద్దం మీది చీటీ అర్థమైందా అన్నావు. అయింది. మీ కార్ఖానాలో నీ చేతులతోనే రెండు పొరలు మూసి తెచ్చి, మన పడమటి కిటికీకి బిగించిన రోజు ఆ చీటీ మీద చిన్న అంకె చూసి నవ్వాను.

"బడిల నీకే తక్కువ మార్కులనుకున్న. నీ అద్దానికి గూడ తక్కువనే వచ్చినయారా?"

"గది మార్కు కాదవ్వా. లోపటికి జొచ్చే వేడి. ఎంత తక్కువుంటే అంత మంచిది. ఎలుతురు అంకె మాత్రం ఎక్కువుండాలె" అన్నావు.

ఆ కిటికీ ఉన్న అర్ర చల్లగుందా అన్నావు. ఉంది బిడ్డా, ఎక్కువే ఉంది. నీ దినాల్లో పిట్టకు పెట్టిన రోజు కాకి నీ బువ్వ ముట్టలేదు. మర్నాడే రెండద్దాల నడుమ ఆవిరి పట్టింది. ఇవతల తుడిచినా పోలేదు, అవతల తుడిచినా పోలేదు. అందులో ఒక అరచెయ్యి. చిటికెన వేలు వంకర, నీలాగే.

నీతో పనిచేసిన నర్సింలు వచ్చి చూశాడు. "అంచు ఊడి తేమ జొచ్చింది పెద్దమ్మా. ఇగ చీటీ మీది అంకె లెక్కకు రాదు. ఉత్త అద్దం లెక్కనే ఎండ వేడి లోపటికొస్తది" అన్నాడు. అంటూనే చలికి చేతులు రుద్దుకున్నాడు. బయట రోహిణి ఎండ. లోపల నేను గొంగడి కప్పుకుని బీడీలు చుడుతున్నాను.

"మూసేటప్పుడు వాని చెయ్యి తగిలిందేమోరా?"

"తొడుగులు లేకుంట అద్దం ముట్టడు పెద్దమ్మా వాడు."

అని, కిటికీకి వీపు చూపకుండా వెనక్కి నడిచి పోయాడు.

ఒక మాట ఇంతసేపూ చెప్పలేకపోయాను. నర్సింలు కొత్త అద్దం పెడతానంటే నేనే వద్దన్నాను. పొద్దున్నే ఆ చెయ్యి మీద నా చెయ్యి ఆనించి కూర్చుంటున్నాను. నా కోసమే ఆగావనుకున్నాను. నిన్న నా చెయ్యి కింద నీ వేళ్లు కదిలాయి. నన్ను పట్టుకోవడానికి కాదు కొడుకా. అద్దాన్ని గీరుతున్నాయి.

రేపు నర్సింలును రమ్మన్నాను. ముందు అద్దం తీయిస్తాను. తరువాత మిద్దె మీద విస్తరిలో జొన్నరొట్టె, పుంటికూర పెడతాను.

ఇట్లు,
నిన్ను కన్న అవ్వ,
అంజవ్వ

ఈసారి ముట్టకుండా పోకు. కడుపునిండా తిను.