వెలుగు సోకని డబ్బా

హైదరాబాద్, జూన్ 2012

ప్రియమైన అన్నకు, వందనాలు.

నాకు మేక కళ్లు కావాలి. నవ్వకు. మసక వెలుతురులో చూపునిచ్చే ప్రొటీన్ కంటి వెనక పొరలో ఉంటుంది. వెలుగు తగలగానే అందులో ఒక చిన్న భాగం మెలిక తిరుగుతుంది. రెప్పపాటును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, ఒక్క ముక్కలో ఆ పని అయిపోతుంది. లేజర్‌తో ఆ కదలికను కొలవడమే నా పరిశోధన. ఒకసారి వెలుగు సోకిన కన్ను మాకు పనికిరాదు. ఇక్కడి మాంసం దుకాణాల వాళ్లు లైటు వేసుకునే కోస్తున్నారు.

మన దుకాణంలో నువ్వయితే మేకపోతును చీకటి కొట్టంలో ఉంచి, చీకట్లోనే కోసి, కళ్లు ఈ నల్ల డబ్బాలో ఐసు మీద పెట్టి పంపగలవు. ఎర్ర టార్చి పెడుతున్నాను, దాని వెలుగుతో పెద్దగా నష్టం లేదు. ఇది కాకపోతే నాకు పట్టా రాదు.

నీ మీదే భారం వేసిన
కృప

ఎల్లారెడ్డి, జూలై

ప్రియమైన చెల్లెకు,

అడిగినవి పంపుతున్నాను. తలకాయ కొనే రాజన్న, "ఏందే సుందరూ, కండ్లు ఏడ వోయినయ్?" అన్నాడు. హైదరాబాదులో చదువుకుంటున్నాయని చెప్పాను. ఏం అర్థమైందో, తలకాయ తీసుకుని పోయాడు. డబ్బా పొద్దున ఏడింటి బస్సు డ్రైవరు అబ్రాహాముకు ఇచ్చాను. నీ ఉత్తరాలూ డబ్బా మూతలోనే పెట్టు.

మీ అన్న సుందర్

హైదరాబాద్, ఆగస్టు

ప్రియమైన అన్నకు,

ఒక్కటి కూడా చెడిపోలేదు. మా సారు రెండుసార్లు చూస్తే గానీ నమ్మలేదు. ఆ కదలిక తెర మీద గీతగా కనబడినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అయితే డబ్బా ఆలస్యంగా వస్తోంది. లేజర్ మాకిచ్చేది పొద్దుటిపూటే. చీకటితోనే బండి మీద కామారెడ్డికి తెచ్చి తొలి బస్సుకు ఇవ్వు. పొద్దెక్కితే గానీ బండి తీయని నీ బద్ధకం నాకు తెలుసు. ఈ చెల్లె కోసం కాస్త వదులుకో.

కృప

ఎల్లారెడ్డి, సెప్టెంబరు

చెల్లెకు,

తొలి బస్సుకే ఇచ్చాను. డబ్బాకు సొట్ట పడింది, మూత మాత్రం ఊడలేదు. టార్చి అబ్రాహాముతో తిప్పి పంపుతున్నాను, దానితో నాకు పని పడటం లేదు. బండి రిపేరులో ఉంది. ఇకమీదట ఏడింటి బస్సే.

సుందర్

హైదరాబాద్, సెప్టెంబరు

అన్నకు,

టార్చి మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు నువ్వు. మరి ఎలా కోస్తున్నావు? ఫోన్ చేస్తే సాలవ్వ వదిన నువ్వు పడుకున్నావని పెట్టేసింది. పగటిపూట నువ్వు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నిజం రాయి.

కృప

ఎల్లారెడ్డి, అక్టోబరు

ప్రియమైన చెల్లెకు,

పొద్దుగూకితే నాకు కనబడదు. కొన్నేళ్లుగా ఇంతే. టార్చి వేసినా, వేయకున్నా ఒకటే, చేతులే అలవాటు పడ్డాయి. కామారెడ్డి తొవ్వలో మలుపుందని తెలుసు గానీ ఎక్కడ మొదలైందో తెలియలేదు. బండి మీంచి పడి భుజం విరిగింది. డబ్బాను అటుగా పోయే ఆటోలో బస్టాండుకు పంపాను.

మీ వదిన, "గిప్పుడన్న చెల్లెకు చెప్పరాదు" అంది. "చెప్తే కండ్లు పంపద్దంటది. దాని సదువు ఆగుతది" అన్నాను. కత్తి పట్టేవాడికి చూపు లేదంటే దుకాణానికి ఎవరొస్తారు? ఎవరితో అనకు. కట్టు విప్పగానే మళ్లీ పంపుతాను.

మీ అన్న

హైదరాబాద్, అక్టోబరు

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం చదివాక లేజర్ గదిలోకి వెళ్లి మిగిలిన కొలతలు పూర్తి చేశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

నేను కొలిచే ప్రొటీన్ దెబ్బతింటే మొదట పోయేది చీకటిపూట చూపే. నేను చదివే ప్రతి వ్యాసంలో అది మొదటి పేజీలోనే ఉంటుంది. నిన్ను మాత్రం బద్ధకస్తుడివన్నాను.

తిండిలో లోపమైతే మందుంది. వంశంలో వచ్చిందైతే ఇప్పటికి లేదు. నీకు అబద్ధం చెప్పను. మన బాపు బతికున్నన్నాళ్లూ దీపాలు పెట్టకముందే తిని మంచమెక్కేవాడు. మనం అది ఆయన పద్ధతి అనుకున్నాం. పొద్దుగూకాక నీ బిడ్డ మరియ వాకిట్లో ఆడుతుందా, గడప మీదే కూర్చుంటుందా? వదినను చూడమను. నాకు భయంగా ఉంది.

నా కొలతలు సరిపోయాయి. డబ్బా ఇక్కడే ఉంచుకుంటున్నాను. ఏడింటి బస్సుకు ఈసారి నువ్వే ఎక్కు, బిడ్డను కూడా తీసుకురా. కంటి డాక్టరుతో మాట్లాడాను. మీరు దిగేసరికి బస్టాండులో ఉంటాను. పొద్దుండగానే దిగుతారు.

నీ కోసం చూస్తూ
కృప