జాన్ కంచం

2021 మార్చి, బుధవారం రాత్రి. పజుండౌంగ్

ఇవాళ కూడా నెట్ లేదు. రోజంతా నా చిన్న కంప్యూటర్ బోర్డుతోనే కుస్తీ పట్టాను. బూట్ అయ్యేటప్పుడే కెర్నెల్, అంటే దాని మూల ప్రోగ్రాము, కెమెరా కోసం కొంత మెమరీ పక్కన పెట్టేస్తుంది, ఇంకే ప్రోగ్రాముకూ ఇవ్వదు. కెమెరా పాడైతే పీకేసి వారమైంది. అయినా ఆ చోటు అలాగే ఉంది. మిగతావి మెమరీ చాలక ఆగిపోతుంటే ఒళ్ళు మండింది. ఆ కేటాయింపు లైను కొట్టేద్దామనుకున్నాను.

ఎనిమిదింటికి వీధంతా గిన్నెల మోత మొదలైంది. పోయిన నెల దేశాన్ని చేజిక్కించుకున్న సైన్యం మీద కోపం చూపడానికి మాకు మిగిలింది అదే. చేతికందిన కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తే మామ్మ లాగేసుకుంది.

"అది జాన్‌ది. సొట్టడిపోద్ది."

"మామ్మా, తమ్ముడు నిరసన ఊరేగింపుకెల్లి పన్నెండ్రోజులైంది."

"అయితే ఏటి? ఒచ్చేక దేన్లో తింతాడు?"

కంచాన్ని, ఇక్కడి ఆడవాళ్ళలా తను కట్టుకున్న లుంగీ అంచుతో తుడిచి, వాడు కూర్చునే చోటే బోర్లించింది. నా చేతికి కుండ మూత ఇచ్చింది.

ఇందాక మళ్ళీ బోర్డు ముందు కూర్చున్నాను. ఆ లైను కొట్టేయలేదు. మెమరీ చాలకపోతే చాలకపోనీ.