అక్క అడిగిన సూది

ధర్మవరం, 2003, శ్రావణ శుక్రవారం రాత్రి

భోజనాల దగ్గర నా పరిశోధన గురించి గొప్పలు చెప్పాను. గ్రోత్ హార్మోన్‌లోని చిన్న ముక్కను ల్యాబ్‌లో తయారుచేసి, లావెక్కించిన ఎలుకలకు సూది వేస్తున్నామని, కొవ్వు కరుగుతోందని. మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదన్న మాట మాత్రం మింగేశాను.

అక్క ఒబ్బట్టు వడ్డిస్తూ, "ఆ సూది నాకొగటి తెచ్చిస్తావేమబ్బా?" అంది.

బావ నవ్వాడు. "మా ఇంట్లోనూ ఒగ ఎలక ఉండాది, తీస్కపోప్పా. మగ్గం గుంతలో నా పక్కన పట్టక, దారం కండెలు చుట్టేదానికి కూసోబెట్టినా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్లైనప్పటి నుంచీ బావ పక్కన కూర్చుని చీరలు నేసింది అక్కే. ఇప్పుడా చోట్లో కూలిమనిషి ఉన్నాడు. అది తెలిసే నవ్వాను. ఛీ.

ఇందాక మంచం దగ్గర నీళ్ల చెంబు పెట్టి వెళ్తూ అక్క గుమ్మంలో ఆగింది. నేను నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"ఆ ఎలకలు లావుగా ఉండాయని ఆడ ఎవురూ నగరు కదబ్బా?"

"లేదక్కా" అన్నాను.

నిజమే. ల్యాబ్‌లో వాటిని చూసి ఎవరమూ నవ్వం.