నరేశ్ పుట్టినరోజు

గురువారం, జులై 10

దుప్పట్లు రెండు ఉతికాను. కందిపప్పు ఎండబెట్టాను. గ్యాస్ బుక్ చేశాను.

మా పనిమనిషి యాదమ్మ కొడుకు నరేశ్‌ని మధ్యాహ్నం పిలిపించాను. పదహారేళ్లకే గల్లీ గ్యాంగులో తిరుగుతున్నాడు. మొన్న పోలీసులు పట్టుకెళ్లి వదిలారు. "మీరన్న జర చెప్పుండ్రమ్మా" అని యాదమ్మ ఒకటే ఏడుపు.

"వాళ్ల దగ్గర ఏముందిరా నీకు?"

"నా బర్త్‌డేకి మా గ్యాంగు అన్న ఫ్లెక్సీ కట్టిస్తడు ఆంటీ. రోడ్డు మీద కేక్ కట్ చేపిస్తడు. మా అమ్మకైతే తారీఖు గూడ ఎర్కలేదు. బడిల సారు జూన్ ఒకటని రాసిండు."

ఆ తారీఖు నాకు తెలుసు. పాత డైరీ తీసి చూపించాను. 'ఆగస్టు 22. యాదమ్మ రాలేదు. కొడుకు పుట్టాడట. గిన్నెలు నేనే తోముకున్నాను.'

అప్పట్లో నల్లగండ్లలో మా ఇంటి చుట్టూ బండరాళ్లే. యాదమ్మ పని చేస్తుంటే వీడు మా వంటింట్లో నా పాత చీర మీద నిద్రపోయేవాడు. లేవగానే నా కొంగు పట్టుకుని తిరిగేవాడు.

డైరీలోని ఆ నాలుగు ముక్కలూ నరేశ్ రెండుసార్లు చదివి ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"పొద్దుగాల పుట్టిన్నా, రాత్రా?"

అది నేను రాసుకోలేదు.

"అమ్మనడుగుత" అని మెట్లు దిగాడు. గేటు బయట గ్యాంగు వాళ్ల బళ్లు ఆగి ఉన్నాయి. ఎటు వెళ్లాడో బాల్కనీలోంచి కనబడలేదు.