చివరి బెంచీలో దగ్గు

మాస్టారూ,

మీరు పోయాక మన కాలేజీలో చేరిన సుజాతగారు ఇవాళ పాఠం మధ్యలో ఆపేసి స్టాఫ్ రూముకొచ్చారు. "పిల్లలు కావాలనే దగ్గుతున్నారండీ!" అన్నారు కోపంగా.

నేను చేరిన కొత్తలోనూ ఇదే గొడవ. ఆ రోజు మీరు నా క్లాసుకొచ్చి చివరి బెంచీలో కూర్చుని, పిల్లలకంటే గట్టిగా దగ్గారు. "పక్క గోదాంలో మిరపకాయలు దించుతున్నారయ్యా. కిటికీలు మూసి పాఠం కానివ్వు" అన్నారు.

ఇవాళ నేనూ వెళ్ళి సుజాతగారి క్లాసులో కూర్చుని దగ్గి, గోదాం వైపు చూపించాను. ఆవిడ నవ్వేసి కిటికీలు మూశారు.

ఆ ఏడు వానలు మొదలై, గోదాం ఖాళీ అయ్యాక కూడా మీరు దగ్గుతూనే ఉన్నారు. అడిగితే, "ఘాటేలేవయ్యా" అన్నారు. కిటికీలు మూశాను.